ఫోను వాడటం లేదని చెప్పే ఫోను

వీరలంక డిపోలో డ్రైవరు తాతబ్బాయికి సెల్‌ఫోను లేదు. చాలాకాలం పాటు అది ఎవరికీ తప్పుగా తోచలేదు.

అతను నడిపేది వీరలంక నుంచి కొత్తరేవు వెళ్లే ఆర్డినరీ బస్సు. దారంతా కాలవ గట్టే. ఒక పక్క నిండుగా కాలవ, ఇంకో పక్క పల్లంలో వరిచేలు, మధ్యలో బస్సుకి సరిగ్గా సరిపోయే రోడ్డు. ఎదురుగా ఇంకో బస్సు వస్తే డ్రైవర్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎవరు వెనక్కి వెళ్లాలో కళ్లతోనే తేల్చుకోవాలి. అలాంటి గట్టు మీద తాతబ్బాయి తన సర్వీసు మొత్తంలో ఒక కోడిని కూడా తొక్కించలేదు. పొద్దున్నే స్టీరింగుకి దణ్ణం పెట్టుకుని ఎక్కుతాడు. కండక్టరు మంగాదేవి "రైట్ రైట్" అంటే కదులుతాడు, "హోల్డాన్" అంటే ఆపుతాడు. బండి నడిపేటప్పుడు అతనికి కావలసిన కబుర్లు ఆ రెండే. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ భార్య సత్యవతి దగ్గర ఉంటుంది. ఏదైనా అవసరం వస్తే, బస్సు ఇంటి ముందునుంచి వెళ్లే వేళకి ఆవిడ గేటు దగ్గర నిలబడుతుంది. నిలబడలేదంటే అంతా బాగున్నట్టే.

ఇలా ఉండగా, ఎక్కడో ఇంకో డిపో బస్సు ఒకటి రోడ్డు పక్కన సంస్థవారే పాతించిన బోర్డుని గుద్దేసింది. ఆ బోర్డు మీద "ఫోనులో మాట్లాడుతూ వాహనం నడపరాదు" అని రాసి ఉంది. గుద్దిన డ్రైవరు అప్పుడు ఫోనులో మాట్లాడుతున్నాడు. మనుషులకేం కాలేదు గానీ బోర్డూ పోయింది, దాంతోపాటు సంస్థ పరువూ పోయింది. సంస్థ తీవ్రంగా ఆలోచించి, భద్రతా పర్యవేక్షణకి ఒక ప్రత్యేకాధికారిని వేసింది. ఆయన పేరు కమలాకరరావు గారు.

ఆయన వీరలంక వచ్చి, గ్యారేజీ షెడ్డులో డ్రైవర్లందరినీ కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చారు.

"మిత్రులారా, వాహనచోదన సమయమందు ఫోను వాడరాదని సంస్థ చెప్పి చెప్పి అలసిపోయింది. కావున ఇకమీదట మేము చెప్పము. ఫోను వాడటం లేదని మీరే మాకు ఎప్పటికప్పుడు ధ్రువపరచవలసి ఉంటుంది."

వెనక గోడ మీద పెద్ద తెర వెలిగింది. ప్రతి డ్రైవరు ఫోనులోనూ 'సురక్షా నేత్రం' అనే యాప్ వేశారట. ఫోను ఉండి, వాడకుండా ఉంటే తెర మీద పచ్చ చుక్క పడుతుంది. వాడుతుంటే ఎర్ర చుక్క. డిపోలో ఎంతమంది డ్రైవర్లున్నారో అన్ని పచ్చ చుక్కలూ మిలమిల మెరిశాయి, ఒకటి తప్ప.

"చుక్క లేని చోదకుడు ఎవరు?" అన్నారు కమలాకరరావు గారు.

తాతబ్బాయి లేచి నిలబడ్డాడు. "నేనేనండి. నాకు ఫోను లేదండి."

"లేకపోతే, వాడటం లేదని ఎలా రుజువు చేస్తావు?"

"లేనిది ఎలా వాడతానండి?"

"అది నీ వాదన. ఆధారం ఏది?"

తాతబ్బాయి జేబులు తడుముకుని చూపించాడు. ఒక దాంట్లో దువ్వెన, ఇంకో దాంట్లో పొడుం డబ్బీ ఉన్నాయి. డిపో మేనేజరు సర్వేశ్వరరావు మధ్యలో కల్పించుకుని, "మన డిపోలో యాక్సిడెంటు అంటే తెలియని డ్రైవరండి" అని నెమ్మదిగా అన్నాడు.

కమలాకరరావు గారు జాలిగా నవ్వారు. "ఫోను లేనివాడు ఫోను వాడకపోవడంలో గొప్పేముంది సర్వేశ్వరరావు గారూ? దానికి నిగ్రహం అక్కర్లేదు. ఫోను ఉండి, అది మోగుతుండగా వాడనివాడు భద్రతకి నిదర్శనం. ఇతను నిదర్శనం కాదు, లోపం. లోపాన్ని సవరించండి."

ఆ సాయంత్రమే సంస్థ తరఫున తాతబ్బాయికి ఒక ఫోను ఇచ్చారు. బస్సు తోలేటప్పుడు వాడకుండా ఉండటానికి దాన్ని ఎలా వాడాలో నేర్పడానికి ఒక క్లాసు కూడా పెట్టారు.

చుక్కలతోనే ఆగి ఉంటే తాతబ్బాయి బతికిపోయేవాడు. కానీ, ఫోను జేబులో ఊరికే పడి ఉన్నా పచ్చ చుక్కే పడుతోందని, అందులో డ్రైవరు పూనుకుని చేసిన నిగ్రహం ఎంతో తేలడం లేదని కమలాకరరావు గారికి అనుమానం వచ్చింది. అందుకని డిపో మేడ మీద ఒక నియంత్రణ కేంద్రం తెరిచారు. అక్కడ కూర్చున్న ఉద్యోగి, ప్రతి స్టేజీ దగ్గరా ప్రతి డ్రైవరుకీ ఫోను చేసి, ఫోను మాట్లాడటం లేదని అతని నోటితోనే చెప్పించుకోవాలి.

మొదటిరోజు బస్సు గట్టెక్కగానే తాతబ్బాయి జేబులో ఫోను మోగింది. అదిరిపడి ఎత్తాడు.

"తాతబ్బాయి గారేనా? మీరు ప్రస్తుతం ఫోనులో మాట్లాడుతున్నారా?"

"ఆయ్, మాటాడతన్నానండి."

ఎర్ర చుక్క పడింది. సాయంత్రం మేనేజరు పిలిచి, అలా ఉన్నది ఉన్నట్టు చెప్పకూడదని, "మాట్లాడటం లేదు" అని స్పష్టంగా చెప్పాలని బోధించాడు.

"మాటాడతా, మాటాడట్లేదని ఎలా చెప్పమంటారండి?"

"నోటితోనే తాతబ్బాయీ. అందరూ చెప్తన్నారు."

మర్నాడు తాతబ్బాయి ఇంకో ఉపాయం ఆలోచించాడు. ఫోను మోగగానే బస్సుని పక్కకి తీసి, ఆపి, ఎత్తాడు. ప్రతి స్టేజీకీ ఇదే వరస. కొత్తరేవు సంతకి వెళ్లాల్సిన చేపల బుట్టలు బస్సులోనే వాసనేశాయి. పైగా అదీ చెల్లదన్నారు. ఆగిన బస్సులో డ్రైవరు ఫోను వాడాడో లేదో సంస్థకి అనవసరమట. నడుస్తున్న బస్సులో వాడటం లేదని చెప్తేనే లెక్కలోకి వస్తుంది. చెప్పాలంటే నడుస్తున్న బస్సులోనే ఎత్తాలి.

మంగాదేవి జాలిపడి ఫోను తన దగ్గర పెట్టుకుంది. "మీరు రోడ్డు సూసుకోండి తాతబ్బాయి గారూ, మీ మాట నేను సెప్తాను" అంది. రెండు స్టేజీల తరవాత టిక్కెట్లు కొట్టడానికి చెయ్యి చాలక, ఆ ఫోనుని ముందు సీట్లో కూర్చున్న అప్పాయమ్మకి ఇచ్చింది. అప్పాయమ్మ రోజూ అరటిగెలలతో కొత్తరేవు వెళ్లే ముసలావిడ. ఆవిడకి చెవుడు. అందుకని స్పీకరు పెట్టారు. స్పీకరు పెట్టాక ప్రశ్న బస్సంతా వినపడింది, బస్సంతా కలిసి జవాబు చెప్పింది.

"తాతబ్బాయి ఫోను మాటాడట్లేదండీ."

ఆ కోరస్ విని నియంత్రణ కేంద్రం ఖంగుతింది. మూడో రోజుకి ఆదేశం దిగింది. 'ప్రయాణికుల సామూహిక వాంగ్మూలము అంగీకారయోగ్యము కాదు. చోదకుని నిగ్రహమునకు చోదకుడే సాక్షి. ఇకపై చోదకుడు తన రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నట్లు స్వయముగా ఫొటో తీసి పంపవలెను.'

తాతబ్బాయి ఆ కాగితం చదివి, తన రెండు చేతులూ చూసుకున్నాడు. మూడోది ఎక్కడా కనపడలేదు. మేనేజరుని అడిగితే ఆయన కమలాకరరావు గారిని అడిగాడు. కమలాకరరావు గారు అది సాంకేతికాంశం అన్నారు. ఒక డ్రైవరు ఫోనుని పళ్లతో పట్టుకుని ఫొటో తీయబోయి ముందుపన్ను విరగ్గొట్టుకున్నాక, సాంకేతికాంశం పరిష్కారమైంది. ప్రతి బస్సులోనూ ముందు అద్దానికి, డ్రైవరు కళ్లకెదురుగా ఒక ఇనుప స్టాండు బిగించి, ఫోను దానికి తగిలించారు. అది తనంతట తానే డ్రైవరుని ఫొటోలు తీస్తుంది, వీడియో చూపిస్తుంది, స్టేజీ స్టేజీకీ మోగుతుంది. దాని వెనక ఎడమవైపు రోడ్డు సగం కనపడదు.

తాతబ్బాయి మేడెక్కి వెళ్లి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, ఆ స్టాండు అడ్డం వత్తంది. కాలవ వైపు గట్టు కనపడట్లేదండి. బస్సు నిండా మనుషులుంటారు."

కమలాకరరావు గారు ఓపిగ్గా విన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. "చూడు తాతబ్బాయీ, స్టాండు ఉంటే నీకు రోడ్డు కొంత కనపడకపోవచ్చు. కానీ స్టాండు లేకపోతే నువ్వు మాకు కనపడవు. రెంటిలో ఏది ప్రమాదమో నువ్వే ఆలోచించు."

తాతబ్బాయి ఇంటికెళ్లి నిజంగానే ఆలోచించాడు. అన్నం సయించలేదు. ఏమైందని సత్యవతి అడిగితే, "ఏం లేదే, భయమేత్తంది" అన్నాడు. ఇన్నేళ్లలో అతని నోట ఆ మాట వినడం ఆవిడకదే మొదలు. మర్నాటి నుంచి, కబురేమీ లేకపోయినా, బస్సు వెళ్లే వేళకి ఆవిడ గేటు దగ్గర నిలబడటం మొదలెట్టింది.

భద్రతా వారోత్సవాలు వచ్చాయి. వాటికి పరాకాష్ఠగా కమలాకరరావు గారు ఒక మహత్తర కార్యక్రమం తలపెట్టారు. జిల్లాలో బస్సులు నడుపుతున్న డ్రైవర్లందరూ ఒకేసారి వీడియో కాల్‌లోకి వచ్చి, తాము ఫోను వాడటం లేదని పై అధికారుల సమక్షంలో ప్రత్యక్షంగా చూపించాలి. పై అధికారులు రాజధానిలో ఏసీ హాల్లో కూర్చుని, తెర నిండా కదులుతున్న డ్రైవర్ల మొహాలు చూస్తూ జీడిపప్పు తింటున్నారు.

తాతబ్బాయి బస్సు అప్పటికి లాకుల మలుపు దగ్గరికి వస్తోంది. గట్టు అక్కడ కాలవలోకి వంగినట్టుండి, ఒక్కసారిగా తిరుగుతుంది. బస్సులో కాలు పెట్టే చోటు లేదు.

"ఇప్పుడు మన వీరలంక డిపో ఆణిముత్యం తాతబ్బాయి గారు, చోదనలో ఏకాగ్రత ప్రాముఖ్యం గురించి రెండు ముక్కలు మాట్లాడతారు" అన్నారు ఫోనులోంచి కమలాకరరావు గారు.

"అయ్యా, మలుపండి."

"మలుపు గురించి కాదు, ఏకాగ్రత గురించి."

"ఏకాగ్రతంటేనండి..." అని తాతబ్బాయి మొదలుపెట్టాడు. అప్పుడు స్టాండు వెనకనుంచి, కనపడని ఆ సగం రోడ్డులోంచి, బాతుల మంద వచ్చింది. కోతలైన చేలల్లో మేపుకుని కాలవలోకి దించడానికి తోలుకెళుతున్న మంద. రోడ్డు నిండా బాతులు, వాటి వెనక కర్ర పట్టుకుని బాతులతను.

తాతబ్బాయి ఏకాగ్రత గురించి ఇంకేం చెప్పలేదు. ఎడం చేత్తో ఒక్క తోపు తోశాడు. స్టాండు విరిగి, ఫోను కిటికీలోంచి ఎగిరి కాలవలో పడింది. రోడ్డంతా కనపడింది. రెండు చేతులతో స్టీరింగు తిప్పి, బ్రేకు మీద నిలబడినట్టు తొక్కాడు. బస్సు పెద్ద మూలుగు మూలిగి, ముందు చక్రం గట్టు అంచున ఆనించి ఆగింది. అప్పాయమ్మ అరటిగెలలు డ్రైవరు సీటు దాకా దొర్లుకొచ్చాయి. బాతులు మాత్రం ఏమీ జరగనట్టు బస్సు కిందనుంచి, పక్కనుంచి కాలవలోకి దిగిపోయాయి.

"తాతబ్బాయి గారూ, హోల్డాన్" అంది మంగాదేవి, అలవాటు కొద్దీ.

ఒక్క మనిషికి కూడా గీరుకోలేదు. ఒక్క బాతు పోలేదు. కానీ రాజధానిలో తెర మీద ఒక గడి నల్లబడింది.

విచారణకి ముగ్గురు అధికారులు కూర్చున్నారు. మధ్యలో కమలాకరరావు గారు.

"సంఘటన జరిగిన క్షణమందు మీరు ఫోను వాడుచున్నారా?"

"లేదండి."

"ఆధారం?"

"ఫోను కాలవలో ఉందండి."

"అనగా ఆధారాన్ని మీరే కాలవపాలు చేశారన్నమాట." ఆయన పక్కవారి వంక చూశారు. పక్కవారు తలలూపారు.

మంగాదేవి సాక్ష్యం చెప్పడానికి వచ్చింది. "ఆయన ఆ ఫోను తొయ్యకపోతే మేమంతా కాలవలో ఉందుం కదండి. ఇక్కడికొచ్చి సెప్పడానికి నేను ఉందునా అండి?"

"అమ్మా, మీరు బ్రతికి ఉండటం ఈ విచారణ పరిధిలోకి రాదు" అన్నారు కమలాకరరావు గారు మర్యాదగానే.

నివేదికలో తేల్చినదేమిటంటే, వారోత్సవాల మొత్తంలో జిల్లాలో ఫోను వాడటం లేదని ధ్రువపడని డ్రైవరు తాతబ్బాయి ఒక్కడే. ప్రమాదం తప్పింది కూడా సరిగ్గా అతను ధ్రువపడని క్షణంలోనే కాబట్టి, ఆ తప్పడం నిబంధనలకి విరుద్ధంగా జరిగింది. కనుక అతన్ని స్టీరింగు నుంచి తప్పించి, నియంత్రణ కేంద్రంలో ఫోన్లు చేసే పనిలో వేశారు. ఫోను విలువ అతనికి అక్కడే తెలుస్తుందని రాశారు. అలాగే, కాలవల్లో పడి సంస్థ ఫోన్లు పాడైపోయే అవకాశం ఉన్నందున స్టాండ్లు పీకేసి, ఫోన్లు మళ్లీ డ్రైవర్ల జేబుల్లోకి మార్చారు.

తాతబ్బాయి తాళంచెవి అప్పగించాడు. షెడ్డు వెనక్కి వెళ్లి, ఎవరూ చూడకుండా ఏడ్చాడు. ఇంట్లో పోయినవాళ్ల కోసం కూడా అతను అంత ఏడవలేదు.

మేడ మీద గదిలో ఒక బల్ల, ఒక ఫోను, డ్రైవర్ల పేర్లున్న తెర. జవాబు రాగానే పచ్చ మీట నొక్కాలి, అంతే పని. మొదటిరోజు తన బస్సుకే చేశాడు. ఇప్పుడు దాన్ని నడుపుతున్నది ఏడుకొండలు, కొత్త డ్రైవరు.

"హలో" అన్నాడు ఏడుకొండలు. ఆ ఒక్క మాట వెనకాల ఇంజను రొద, హారను, మంగాదేవి "సూసుకో, సూసుకో" అనడం, బ్రేకు కీచుమనడం అన్నీ వినపడ్డాయి. తాతబ్బాయి గడియారం వంక చూశాడు. బస్సు లాకుల మలుపులో ఉంది.

"మాటాడకు, పెట్టెయ్" అని అరిచి ఫోను పెట్టేశాడు.

ఆ తరవాత అతను ఎవరికీ ఫోను చెయ్యలేదు. వేళకి రిసీవరు ఎత్తుతాడు. నంబరు నొక్కడు. అటుగా ఎవరైనా వస్తే వినపడేట్టు, "హలో, మీరు ఫోను మాట్లాడుతున్నారా? ఆయ్, లేదా? మంచిది" అంటాడు. పచ్చ మీట నొక్కుతాడు. ఇంకో డ్రైవరు పేరు మీదికి వెళతాడు. అబద్ధమంటే ఎరగని మనిషి. మొదట్లో ప్రతి పచ్చ చుక్కకీ లోపల గుచ్చుకునేది. పోనుపోను అలవాటైంది. డ్రైవర్లకి విషయం అర్థమై, డ్యూటీ ఎక్కేటప్పుడు మేడ వైపు చూసి తలవంచి వెళ్లేవారు. ఎవరూ నోరు మెదపలేదు.

వీరలంక డిపోలో ఏడాది పొడవునా ఒక్క బస్సు కూడా దేన్నీ గుద్దలేదు. తెర నిండా పచ్చటి చుక్కలే. సంస్థ ఆశ్చర్యపోయి కారణం వెతికి, నియంత్రణ కేంద్రం నుంచి వెళుతున్న ఫోన్లే కారణమని తేల్చింది. కమలాకరరావు గారికి శాలువా కప్పారు. ఆయన కృతఘ్నుడు కాదు, అదే శాలువా తెచ్చి తాతబ్బాయికి కప్పారు.

"తాతబ్బాయి గారూ, మిమ్మల్ని చూసి గర్విస్తున్నాను. నాడు లోపం, నేడు నిదర్శనం. ఏదైనా కోరుకోండి."

తాతబ్బాయి చేతులు జోడించాడు. "స్టీరింగు ఇప్పించండి బాబూ. ఇంకేం ఒద్దు."

"మంజూరు. రేపే ఎక్కండి." కమలాకరరావు గారు అతని భుజం తట్టారు. "మీ కుర్చీలోకి ఒక చురుకైన కుర్రాణ్ణి వేస్తాను. అన్నట్టు, స్టేజీకి ఒక ఫోనుతోనే ఇంత భద్రత వచ్చిందంటే, రెండు చేస్తే ఎంత రావాలి? ఇకమీదట స్టేజీకి రెండేసి. నేనే పక్కన కూర్చుని చేయిస్తాను."

తాతబ్బాయి కిటికీలోంచి కిందకి చూశాడు. ఆవరణలో కొత్తరేవు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. అప్పాయమ్మ గెలలు ఎక్కిస్తోంది. ఏడుకొండలు స్టీరింగుకి దణ్ణం పెడుతున్నాడు. ఆ సీటు మీద కూర్చుంటే వీపుకి ఎక్కడ ఒత్తుకుంటుందో తాతబ్బాయికి ఇంకా గుర్తే.

"రైట్ రైట్" అన్న మంగాదేవి కేక మేడ దాకా వినపడింది.

"ఒద్దులెండి" అన్నాడు తాతబ్బాయి. "మోకాళ్ల నొప్పులండి. ఇక్కడే ఉండిపోతాను. ఆ రెండేసి కూడా నేనే చేత్తాను. ఎవరినీ పక్కన కూర్చోబెట్టకండి, మాటాడేటప్పుడు నాకు సిగ్గు."

కమలాకరరావు గారు ఆ సేవాభావానికి చలించిపోయి, అతనికి రెండో ఫోను కూడా మంజూరు చేసి, అప్పటికప్పుడే బల్ల మీద పెట్టించి వెళ్లిపోయారు.

తాతబ్బాయి శాలువా మడిచి కుర్చీ వెనక వేశాడు. గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. బస్సు గట్టెక్కే వేళైంది. తన ఇల్లు దాటే వేళైంది. సత్యవతి గేటు దగ్గర నిలబడే ఉంటుంది, ఆ అలవాటు మానలేదు. లాకుల మలుపు దగ్గరికొచ్చేసరికి అతను చెరో చేత్తో చెరో రిసీవరూ ఎత్తి, రెండు చెవులకీ ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు.

"హలో ఏడుకొండలూ, రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయా? ఆయ్, ఉంచు. ఉంచు."

అవతల ఎవరూ లేరు. బల్ల కింద అతని కుడికాలు నెమ్మదిగా బ్రేకు తొక్కింది.